ఫొటోలో పడనివాళ్లు



మీ దగ్గర యాభై రూపాయల నోటు ఉందా? 2017లో వచ్చిన నీలం నోటు. ఉంటే ఒకసారి తీయండి. గాంధీ గారున్న వైపు కాదు, వెనక్కి తిప్పండి. ఒక రాతిరథం కనిపిస్తుంది. హంపీలో విఠలాలయం ఆవరణలో ఉన్న రథం అది. దాని పైభాగం చూడండి. బల్లపరుపుగా ఉంది. పైన ఏమీ లేదు.

ఇదే రథానికి 1856లో తీసిన ఫొటో ఒకటి ఉంది. అందులో రథం నెత్తిన ఇటుకలతో కట్టిన శిఖరం ఉంది. గుడి మీద విమానం ఉంటుందే, అలాంటిది. తర్వాత దాన్ని తీసేశారు. ఆ పాత ఫొటోయే లేకపోతే, నోటు మీద ఉన్నదే రాయలనాటి రూపమని మనమంతా నిశ్చింతగా నమ్మేసేవాళ్లం.

ఈ రోజు హంపీ గురించి మాట్లాడుకుందాం. రాయలవారి యుద్ధాలు, అష్టదిగ్గజాలు మీకు తెలియనివి కావు. వాటిని పక్కన పెడదాం. హంపీ ఒక ఊరు. ప్రతి ఊరికీ ఉన్నట్టే దానికీ ఒక పెద్దవీధి ఉంది. ఆ ఒక్క వీధి గురించి, దాని పాత ఫొటోల గురించి చెబుతాను. రేడియోలో ఫొటోల గురించి ఏమిటి, చూపించేదెలా అంటారేమో. చూపించలేను. కానీ ఈ ఫొటోల్లో ఉన్నవాటికంటే లేనివాటి గురించే చెప్పాల్సింది ఎక్కువ. దానికి రేడియో చాలు.

ముందు వీధి ఎలా ఉంటుందో చెబుతాను. కళ్లు మూసుకుని వినండి.

పడమటి కొసన విరూపాక్షస్వామి గుడి. దాని తూర్పు గోపురం యాభై మీటర్ల ఎత్తు. కింద రాయి, పైన ఇటుక, సున్నం. గోపురం గుమ్మంలోంచి బయటికి వచ్చి తూర్పు ముఖంగా నిలబడితే, ఎదురుగా వీధి. తిన్నగా, వెడల్పుగా, దాదాపు ముప్పావు కిలోమీటరు. అటూ ఇటూ వరసగా రాతి స్తంభాల మంటపాలు. తూర్పు కొసన, మతంగ పర్వతం అడుగున, ఒకే రాతిలో చెక్కిన పెద్ద నంది. ఎదురు బసవణ్ణ అంటారక్కడ. స్వామి ఒక కొసన, ఆయన వాహనం ఇంకో కొసన. మధ్యలో ఊరు. రథోత్సవం జరిగేది ఈ వీధిలోనే. రథాలు నిలిపి ఉంచేదీ ఇక్కడే.

మంటపాలు, గోపురం, నంది. ఈ మూడూ గుర్తుంచుకోండి. ఇప్పుడు ఫొటోల దగ్గరికి వద్దాం.

1856లో హంపీని ఫొటోలు తీసినాయన పేరు అలెగ్జాండర్ గ్రీన్‌లా. కంపెనీవారి మద్రాసు సైన్యంలో అధికారి. ఫొటోగ్రఫీ ఆయనకు వ్యాపకం. అప్పటికి ఆ విద్య పుట్టి ఇరవై ఏళ్లు కూడా కాలేదు. ఆయన కెమెరా అంటే కొయ్యపెట్టె. ఫిల్ము లేదు. కాగితమే ఫిల్ము. మంచి కాగితానికి మైనం పట్టించి, వెండి లవణాల ద్రావణంలో ముంచి, చీకట్లో ఆరబెట్టి, పెట్టెలో బిగించాలి. ఆ కాగితం ఎంత పెద్దదంటే, ఒక్కో వైపు దాదాపు మూరెడు ఉంటుంది. మనం పెళ్లి ఫొటోను పెద్దది చేయించి గోడకు తగిలిస్తాం చూడండి, నెగెటివే ఆ సైజులో ఉండేదన్నమాట. అంత పెట్టెను బండరాళ్ల గుట్టల మీదికి ఎక్కించాలి. ఒంటరిగా అయ్యే పని కాదు. ఎవరో మోశారు. వాళ్లెవరో ఎక్కడా రాసి లేదు.

ఇక అసలు సంగతి. ఆ కాగితం చాలా మందకొడి. ఇవాళ మీరు ఫోను ఎత్తి వేలు తాకించేలోగా ఫొటో పడిపోతుంది. ఆ కాగితం మీద బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది. పెట్టె మూత తీసి, మన ఎండలో కూడా, అలా నిమిషాల తరబడి ఆగాలి. రాయి కదలదు కాబట్టి రాయి పడుతుంది. గోపురం పడుతుంది. కొండ పడుతుంది. మరి మనిషి?

నీళ్లకుండతో ఒకామె వీధికి అడ్డంగా నడిచి వెళ్లిందనుకోండి. ఆ కాగితానికి ఆమె అసలు లేనట్టే. మేకలు తోలుకుంటూ ఒక పిల్లవాడు వెళ్లాడు. వాడూ లేడు. బండి వచ్చింది, పోయింది. అదీ లేదు. కాసేపు నిలబడి మళ్లీ కదిలినవాడు ఉంటే గింటే ఒక మసకలా ఉంటాడు, పొగమంచులాగా. కదిలినవాడు ఫొటోలో పడడు. కదలనిది మాత్రమే పడుతుంది.

ఈ మాట ఇంకోసారి చెబుతాను, ఎందుకంటే మిగతా కథంతా దీని మీదే ఉంది. కదిలినవాడు ఆ ఫొటోలో పడడు.

అందుకే గ్రీన్‌లా ఫొటోల్లో చాలావాటిలో మనుషులు కనిపించరు. రాళ్లు, స్తంభాలు, గోపురాలు. పాడుబడిన మహానగరం, చీమ కూడా లేదు. చూసినవాళ్లకు గుండె బరువెక్కుతుంది. అబ్బా, ఎంత శూన్యం అనుకుంటారు. ఆ శూన్యంలో కొంత నిజమే. 1565 తర్వాత నగరం నాశనమైంది, జనం చెదిరిపోయారు. కానీ కొంత శూన్యం ఆ కాగితం చేసింది. ఎంత నిజం, ఎంత కాగితం, ఫొటో చూసి విడదీయలేం. విరూపాక్షుడి గుడిలో పూజ ఆగలేదు. పూజ ఉన్నచోట పూజారి ఉంటాడు. కొబ్బరికాయ అమ్మేవాళ్లుంటారు. పూలు కట్టేవాళ్లుంటారు. గుడి ముందు గిన్నె పట్టుకుని కూర్చున్నవాళ్లుంటారు. 1830ల్లో బళ్లారి కలెక్టరు రాబర్ట్‌సన్ ఈ తూర్పు గోపురాన్ని బాగుచేయించాడు. జనం లేని ఊళ్లో గోపురానికి కలెక్టరు మరమ్మతులెందుకు చేయిస్తాడు చెప్పండి.

అప్పుడు హంపీ మద్రాసు రాజధానిలో, బళ్లారి జిల్లాలో ఉంది. దత్తమండలాల్లో భాగం. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం మనకు వచ్చాయి. మిగిలిన బళ్లారి మైసూరుకు పోయింది, హంపీ దానితోపాటే వెళ్లింది. ఇప్పటికీ ఆ వీధిలో కన్నడంతో పాటు తెలుగూ వినిపిస్తుంది. గుంతకల్లులో రైలెక్కితే హొసపేటలో దిగొచ్చు. అక్కడినుంచి పదమూడు కిలోమీటర్లు. అనంతపురం, కర్నూలు జిల్లాల వాళ్లకు హంపీ పక్కూరి కిందే లెక్క.

గ్రీన్‌లా తర్వాత పన్నెండేళ్లకు ఇంకొకాయన వచ్చాడు. ఎడ్మండ్ లయన్. ఊటీలో స్టూడియో నడిపేవాడు. దక్షిణాది గుళ్లు, కోటలు ఫొటోలు తీసిపెట్టమని మద్రాసు ప్రభుత్వం ఆయనకు పని ఒప్పజెప్పింది. అప్పటికి కాగితం పోయి గాజుపలక వచ్చింది. గాజు మీద మందు పూసి, అది తడిగా ఉండగానే ఫొటో తీసి, తడి ఆరకముందే కడగాలి. అంటే చీకటి డేరా ఒకటి కెమెరా పక్కనే ఉండాలి. హంపీ ఎండలో, బండల మధ్య, నల్లగుడ్డ డేరాలో మందుల వాసన మధ్య దూరి పని చేయడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ కష్టాన్ని తక్కువ చేయను. వాళ్ల ఓపిక వల్లనే ఇవాళ మనకు ఈ బొమ్మలు మిగిలాయి.

ఆ కాలపు పురావస్తు ఫొటోల్లో ఒక విచిత్రం ఉంది. మీరెప్పుడైనా చూస్తే గమనించండి. స్తంభం పక్కన ఒక మనిషి నిలబడి ఉంటాడు. తలపాగా, పంచె. బిగుసుకుపోయి, ఊపిరి బిగబట్టి ఉంటాడు. అతన్ని కదలొద్దని చెప్పి నిలబెట్టారు. ఎందుకు? స్తంభం ఎంత ఎత్తుందో చూసేవాళ్లకు తెలియడానికి. అంటే ఆ మనిషి అక్కడ కొలబద్ద. కింద రాసిన అక్షరాల్లో గుడి పేరు ఉంటుంది, ఊరి పేరు ఉంటుంది. ఆ మనిషి పేరు ఉండదు. కొలబద్దకు పేరెందుకు?

ఇప్పుడు వెనక్కి వెళదాం. ఫొటోలు పుట్టకముందుకి. 1520 ప్రాంతంలో డొమింగో పేస్ అనే పోర్చుగీసు ఆయన ఇక్కడికి వచ్చాడు. కృష్ణదేవరాయలు ఏలుతున్న రోజులు. ఈ గుడి ముందు వీధిని ఆయన చూశాడు, చూసింది రాసిపెట్టాడు. అందమైన వీధి అన్నాడు. అందమైన ఇళ్లన్నాడు. ఇళ్లకు మేడవసారాలున్నాయి, యాత్రికులు బస చేసే చావళ్లున్నాయి, గొప్పవాళ్లు దిగడానికి వేరే ఇళ్లున్నాయి అన్నాడు. రాజు గుడికి వచ్చినప్పుడు ఉండటానికి ఇదే వీధిలో ఒక మేడ ఉందని కూడా రాశాడు. చూడండి, రాళ్ల వరసను ఆయన రాళ్ల వరసగా చూడలేదు. మనుషులు ఉండే ఇళ్లుగా చూశాడు. అప్పుడది నిండు వీధి.

గుడిలోకి ఒకసారి వెళ్దాం. రంగమంటపం రాయలు కట్టించిందే. పట్టాభిషేకం సందర్భంగా కట్టించినట్టు శాసనం అక్కడే ఉంది. ఆ మంటపంలో తల పైకెత్తితే కప్పు మీద రంగుల బొమ్మలు. వాటిలో ఒక ఊరేగింపు ఉంది. విద్యారణ్యస్వామి పల్లకిలో వెళుతున్నారు. ముందూ వెనకా ఎంతమంది! పల్లకి మోసేవాళ్లు, బాకాలు ఊదేవాళ్లు, జెండాలు పట్టేవాళ్లు, ఏనుగులు, గుర్రాలు. అందరూ కదులుతున్నవాళ్లే. ఆ బొమ్మలు పందొమ్మిదో శతాబ్దం మొదట్లో వేసినవి అయ్యుండొచ్చని కొందరు పండితుల అంచనా. అదే నిజమైతే, గ్రీన్‌లా కెమెరాకూ వాటికీ మధ్య పెద్ద దూరం లేదు. గుడి లోపల చిత్రకారుడి కుంచెకు కదిలేవాళ్లే పడ్డారు. గుడి బయట కెమెరాకు కదలనివే పడ్డాయి.

అదే గుడిలో ఇంకో చోటు ఉంది. గర్భాలయం వెనక వైపు చిన్న చీకటి గది. గోడలో ఒక సన్నటి కంత. ఆ కంతలోంచి వెలుగు లోపలికి వచ్చి ఎదురు గోడ మీద పడుతుంది. ఆ వెలుగులో తూర్పు గోపురం కనిపిస్తుంది, తలకిందులుగా. గైడు మిమ్మల్ని పిలిచి మరీ చూపిస్తాడు, పిల్లలు కేకలు పెడతారు. కెమెరా పనిచేసే సూత్రం సరిగ్గా ఇదే. చీకటి పెట్టె, చిన్న కంత, తలకిందుల బొమ్మ. గ్రీన్‌లా తన కొయ్యపెట్టెను మోయించుకుని రావడానికి ఎన్నో ఏళ్ల ముందునుంచే ఆ గుడిలో ఒక కెమెరా ఉంది. కాకపోతే అందులో కాగితం లేదు. వచ్చిన బొమ్మ నిలవదు.

సరే, వీధిలోకి వద్దాం.

గ్రీన్‌లా నెగెటివ్‌లు ఇంగ్లండులో ఎక్కడో మూలన పడి ఉండి, 1980లో బయటపడ్డాయి. అరవై దాకా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే జార్జ్ మిచెల్, జాన్ ఫ్రిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు హంపీలో అంగుళం అంగుళం కొలుస్తున్నారు. వాళ్లతో జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫరు పనిచేస్తున్నాడు. 1983లో గోలింగ్స్ ఒక పని పెట్టుకున్నాడు. గ్రీన్‌లా ఎక్కడ నిలబడి తీశాడో వెతికి, అదే బండ మీద, అదే కోణంలో కెమెరా పెట్టి మళ్లీ తీశాడు. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే నూట ఇరవై ఏడేళ్ల తేడా. ఒక చెట్టు లేచింది. ఒక గోడ కూలింది. రథం మీద శిఖరం పోయింది. బండ మాత్రం అక్కడే, అదే చీలికతో. ఇంతకంటే నిక్కచ్చిగా రాళ్ల చరిత్ర ఎవరూ చెప్పలేరు.

రాళ్ల చరిత్ర. మనుషులది కాదు. ఎందుకంటే 1983 నాటికి పెద్దవీధి మంటపాల్లో జనం కాపురముంటున్నారు. స్తంభానికీ స్తంభానికీ మధ్య గోడ కట్టుకుని, తలుపు పెట్టుకుని, ముగ్గు వేసుకుని ఉంటున్నారు. ఒక మంటపంలో టీకొట్టు. ఒకదాంట్లో కిరాణా కొట్టు. ఒకదాంట్లో దర్జీ మిషను. ఇంకోదాంట్లో ఇడ్లీలు. వెనక వైపు వంట, ముందు వైపు వ్యాపారం, అరుగు మీద తాత. తర్వాత విదేశీ యాత్రికులు పెరిగారు. అద్దె గదులు వచ్చాయి, అద్దె సైకిళ్లు వచ్చాయి, అరటిపండు పాన్‌కేకులు వచ్చాయి. రాయలనాటి స్తంభానికి మేకు కొట్టి ఆరెంజి రంగు పైజమాలు వేలాడదీశారు. పురావస్తు శాఖ వాళ్లకు కడుపు మండిందంటే నేను తప్పు పట్టను. స్తంభాలకు సున్నాలు, రంగులు, పైన సిమెంటు గదులు. అది పద్ధతి కాదు.

1986లో హంపీని ప్రపంచ వారసత్వ స్థలంగా యునెస్కో గుర్తించింది. 1999లో ప్రమాదంలో ఉన్న స్థలాల పట్టికలోకి ఎక్కించింది, 2006లో తీసేసింది. వారసత్వ స్థలాన్ని చూసుకోవడానికి కర్ణాటక ప్రభుత్వం ప్రత్యేక సంస్థను పెట్టింది. కేసులు, నోటీసులు, కోర్టు ఉత్తర్వులు ఏళ్ల తరబడి నడిచాయి. చివరికి 2011 జులై 29న పెద్దవీధిలోకి పొక్లెయిన్లు వచ్చాయి. మంటపాల మధ్య గోడలు, ముందు రేకులు, పైన గదులు అన్నీ పడగొట్టారు. మూడు వందలకు పైగా కుటుంబాలు లేచిపోవాల్సి వచ్చింది. సామాను సర్దుకోవడానికి దొరికిన వ్యవధి చాలా తక్కువ. వాళ్లకు నాలుగు కిలోమీటర్ల అవతల, కడ్డిరాంపుర దగ్గర స్థలం చూపించారు. గుడి ముందు పూలమ్మి బతికేవాళ్లకు నాలుగు కిలోమీటర్లంటే ఎంత దూరమో పూలమ్మేవాళ్లనే అడగాలి.

ఇప్పుడు మీరు మతంగ పర్వతం ఎక్కి కిందికి చూస్తే వీధి శుభ్రంగా ఉంటుంది. తిన్నగా, ఖాళీగా. రెండు వరసల స్తంభాలు, ఒక కొసన గోపురం. అందరూ ఫోన్లు తీసి ఫొటో కొడతారు. అద్భుతంగా వస్తుంది కూడా.

ఇక్కడ నాకొక సందేహం. వీధిని పాత రూపానికి తెచ్చామంటారు. ఏ పాత రూపం? పేస్ చూసిన 1520 నాటి వీధి కావాలంటే అందులో ఇళ్లుండాలి, యాత్రికులుండాలి, వ్యాపారం ఉండాలి, రద్దీ ఉండాలి. అది మనం తెచ్చుకోలేదు. మనం తెచ్చుకున్నది ఫొటోల్లో ఉన్న వీధిని. పందొమ్మిదో శతాబ్దపు కెమెరా చూపించిన ఖాళీ వీధిని. ఆ ఫొటోలో మనుషులు ఎందుకు లేరో మీకు గుర్తుంది కదా? కదిలినవాడు పడలేదు. నిమిషాల తరబడి మూత తీసి ఉంచిన పెట్టెలో జనం ఆవిరైపోయారు. ఆ ఆవిరిని చూసి, అదే అసలు హంపీ అని నాలుగైదు తరాలు అనుకున్నాయి. పుస్తకాల్లో అదే, పోస్టుకార్డుల మీద అదే. అలా చూసీ చూసీ, అక్కడ మనిషి కనిపిస్తే అడ్డం వచ్చినట్టు అనిపించడం మొదలైంది. కెమెరా ముందు నిలబడ్డవాణ్ని పక్కకి జరగమంటాం చూడండి. 2011లో ఊరినే జరగమన్నాం.

మంటపాలను కాపాడటం తప్పు అనడం లేదు. రాతికి మేకు కొట్టకుండా కొట్టు పెట్టుకునే పద్ధతి, గోడ కట్టకుండా రాత్రికి మూసుకునే పద్ధతి కుదర్చడం అసాధ్యమని మాత్రం నేను అనుకోను. కష్టం, అంతే. ఖాళీ చేయించడం తేలిక.

ఇది ఒక్క హంపీ సంగతే అనుకోకండి. తిరుమల గుడి ముందు సన్నిధి వీధి పాత ఫొటో ఎప్పుడైనా చూశారా? అటూ ఇటూ ఇళ్లు, కొట్లు, గోపురానికి ఎదురుగా వేయికాళ్ల మంటపం. ఒకప్పుడు గుడి చుట్టూ నిజంగా ఒక ఊరు ఉండేది. మాస్టర్ ప్లాన్ వచ్చాక ఆ ఊరు జరిగింది. వేయికాళ్ల మంటపాన్ని 2003లో పడగొట్టారు. పెరిగే జనానికి చోటు కావాలి, నిజమే. కానీ ఇవాళ ఇరవై ఏళ్ల కుర్రాణ్ని అడిగితే, అక్కడ మంటపం ఉండేదనే తెలియదు. చెప్పాల్సింది ఆ ఫొటోలే.

మళ్లీ హంపీకి వస్తాను. 2011కు ముందు పెద్దవీధిలో కాపురమున్న వాళ్ల ఫొటోలు ఎక్కడ ఉన్నాయి? పరిశోధకులు తీసిన మేలైన ఫొటోల్లో తక్కువ. వాళ్లకు కావలసింది స్తంభం. స్తంభం ముందు బట్టలారేసి ఉంటే, తీసేదాకా ఆగాలనిపించడం సహజం. ఎవరి పని వాళ్లది. నేననుకోవడం, ఆ వీధి మనుషులు పడ్డది వేరే ఫొటోల్లో. విహారయాత్రల ఫొటోల్లో.

రాయలసీమలో బడిపిల్లల విహారయాత్ర అంటే ఎన్ని బస్సులు హంపీ వెళ్లలేదు! హంపీ, తుంగభద్ర డ్యాము, రెండూ కలిపి ఒక రోజు. బస్సు దిగగానే గోపురం ముందు గ్రూపు ఫొటో. టీచర్లు మధ్యలో కుర్చీల్లో, లేకపోతే మెట్ల మీద. పిల్లలు వరసలుగా. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. ఎవడో ఒకడు కళ్లు మూసుకుని ఉంటాడు. ఎవడో పక్కవాడి తల వెనక రెండు వేళ్లు పెట్టి ఉంటాడు. ఆ ఫొటో ఇంటికొచ్చాక మనం మన మొహాన్నే వెతుక్కున్నాం. మనవాళ్ల మొహాలు చూశాం. పక్కన పెట్టేశాం.

ఇప్పుడు ఆ ఫొటో మళ్లీ తీయండి. మీ మొహం వదిలేయండి. అంచులు చూడండి. ఎడమ చివర కొబ్బరికాయల కొట్టు ఉందా? దాని వెనక ఒకామె నిలబడి ఉందా? చంకలో పిల్ల ఉందా? స్తంభాల మధ్య నీలం రంగు తలుపు, దాని మీద ఏదో బోర్డు, బోర్డు మీద సగం పేరు ఉందా? అదే ఆ వీధి. పరిశోధకుల కెమెరాల్లో అంతగా పడని వీధి మీ గ్రూపు ఫొటో అంచున పడింది. తీసినవాడికి ఆ ఉద్దేశం లేదు. తన ఫ్రేములో అనుకోకుండా పడింది. అప్పటికి కెమెరా వేగం పెరిగింది కాబట్టి, నడుస్తున్నామె నడుస్తున్నట్టే పడింది.

అందుకే పాత ఫొటో దొరికితే మధ్యలో చూసి ఆపేయకండి. ఈ మాట మళ్లీ చెబుతున్నాను. మధ్యలో ఉన్నది తీసినవాడు చూపించాలనుకున్నది. అంచున ఉన్నది, వాడికి తెలియకుండా మనకోసం మిగిల్చింది.

మీ ఊరి పెద్దవీధికీ ఇదే వర్తిస్తుంది. మన పల్లెల్లో వీధిని వీధిగా ఫొటో తీసినవాళ్లు ఎవరున్నారు? పెళ్లి ఊరేగింపు తీశారు. దేవుడి ఊరేగింపు తీశారు. ఎన్నికలప్పుడు పెద్ద నాయకుడు జీపు మీద నిలబడి దండాలు పెడుతుంటే తీశారు. పెద్దాయన పోతే కుర్చీలో కూర్చోబెట్టి తీశారు, చివరి ఫొటో అది. వీధి ఎప్పుడూ వాళ్ల వెనకాలే ఉంది. పెళ్లికొడుకు గుర్రం వెనక పెంకుటిల్లు, దాని అరుగు, అరుగు మీద చూస్తూ కూర్చున్న నలుగురు. నాయకుడి జీపు వెనక సైకిళ్లు బాగుచేసే కొట్టు, గోడ మీద సినిమా వాల్‌పోస్టరు. ఆ వాల్‌పోస్టరు చూసి ఏ ఏడాదో చెప్పేయొచ్చు, సినిమా ఎప్పుడు వచ్చిందో ఎవరికో ఒకరికి గుర్తుంటుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ అరుగులు పోయాయి. ఆ పెంకుటిళ్లలో సగం ఇవాళ లేవు. ఉన్నది ఆ ఫొటో వెనకభాగంలోనే.

ఊళ్లో పది ఇళ్ల ట్రంకుపెట్టెలు తెరిస్తే వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా దొరుకుతుంది. ఒక పెళ్లిలో ఒక ఇల్లు, ఇంకో పెళ్లిలో పక్క ఇల్లు. వరస కలపడానికి ఊరి పెద్దవాళ్లు కావాలి. ఆ అరుగు మీది నలుగురు ఎవరో గుర్తుపట్టగలిగేవాళ్లు ఇవాళ ఇంకా ఉన్నారు. ఎనభై ఏళ్ల ముసలమ్మ దగ్గర ఫొటో పెట్టి చూడండి. పెళ్లికూతుర్ని ఒక్క చూపు చూసి వదిలేస్తుంది. వెనకున్నవాళ్ల పేర్లు మొదలుపెడుతుంది. వాళ్ల ఇంటిపేర్లు, వాళ్ల అప్పులు, వాళ్ల కొట్లాటలతో సహా. అప్పులు, కొట్లాటలు రాయకండి, ఊళ్లో గొడవలొస్తాయి. పేర్లు రాయండి.

ఫొటో వెనక రాసేటప్పుడు ఒక జాగ్రత్త. బాల్‌పెన్నుతో వద్దు. ఒత్తి రాస్తే ముందు వైపు బొమ్మ మీద గీత లేస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ సిరా ఊరుతుంది. మెత్తటి పెన్సిలు తీసుకోండి. ఫొటోను గట్టి, చదునైన బల్ల మీద బోర్లా పెట్టి, అంచుల దగ్గర తేలిగ్గా రాయండి. ఊరు, వీధి, సుమారుగా ఏ సంవత్సరం, ఎడమ నుంచి కుడికి ఎవరెవరు. ఫొటో ఆల్బం జిగురు అట్టకు అతుక్కుపోయి ఉంటే బలవంతంగా పీకకండి, చిరుగుతుంది. దాన్ని అలాగే ఉంచి ఫోనుతో ఫొటో తీసి, పేర్లు విడిగా ఒక కాగితం మీద రాసి అదే ఆల్బంలో పెట్టండి.